మూడు నెలల షుగర్ టెస్టు: అపోహలు - వాస్తవాలు

అపోహ: హెచ్‌బీఏ1సీ (ఏ1సీ అనే ఈ మూడు నెలల షుగర్ టెస్టు) ఎవరికి చేసినా కరెక్టుగానే వస్తుంది.

వాస్తవం: ఒంగోలులో మా ల్యాబ్‌కు వచ్చేవాళ్లు ఎక్కువగా అనే మాట ఇది. "పరగడుపున రానక్కర్లేదు, ఒక్క టెస్టుతో మూడు నెలల సంగతి తెలిసిపోతుంది కదండీ" అంటారు. చాలామంది విషయంలో నిజమే. కానీ ఈ టెస్టు నేరుగా రక్తంలోని షుగర్‌ను కొలవదు. ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌లో ఎంత శాతానికి చక్కెర అంటుకుందో చెబుతుంది. ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుందన్న లెక్క మీదే ఇదంతా నడుస్తుంది. కొందరికి పుట్టుకతోనే హిమోగ్లోబిన్ వేరే రకంగా ఉంటుంది. ఎస్, డి, ఇ అని వాటికి పేర్లు. అలాంటప్పుడు మిషన్ పొరబడవచ్చు, లేదా కణాలే ముందుగా చనిపోయి అంకె తగ్గిపోవచ్చు.

కావలి వైపు నుంచి వచ్చిన ఒకావిడ సంగతి చెబుతాను. పరగడుపు షుగర్ 190, ఏ1సీ మాత్రం 5.2. ఏ1సీ 5.2 అంటే సగటు షుగర్ 103 దగ్గర ఉండాలి. పరగడుపునే 190 ఉంటే అదెలా కుదురుతుంది? ఇంట్లో మీటరుతో చూసి రాసుకున్న కాగితంలోనూ అన్నీ 180 పైనే. మిషన్ ఇచ్చిన గ్రాఫు తీసి చూస్తే, మామూలు హిమోగ్లోబిన్ గీత పక్కన ఇంకో గీత అంతే ఎత్తుగా లేచి ఉంది. తర్వాతి పరీక్షలో అది హిమోగ్లోబిన్ డి అని తేలింది. హిమోగ్లోబిన్ రకం తేడాతో పెద్దగా పొరబడని బోరోనేట్ అనే పద్ధతిలో ఏ1సీ మళ్లీ చేయిస్తే 8 దాటింది. ఆ 5.2 చూసి మాత్రలు తగ్గించి ఉంటే ఆవిడ కళ్లకూ కిడ్నీలకూ ఎంత నష్టం జరిగేదో! అందుకే అంకెతో పాటు గ్రాఫు కూడా చూడమని మా టెక్నీషియన్లకు రోజూ చెబుతాను.

అపోహ: నాకు రక్తం 13 గ్రాములుంది, నాకిలాంటివి ఉండవు.

వాస్తవం: 13 అనేది హిమోగ్లోబిన్ ఎంత ఉందో చెబుతుంది, ఏ రకమో చెప్పదు. అమ్మ నుంచో నాన్న నుంచో ఒక్కరి నుంచే వేరే రకం వచ్చినవాళ్లకు సాధారణంగా ఏ లక్షణమూ ఉండదు.

అపోహ: ఈ హిమోగ్లోబిన్ తేడాలు గిరిజనులకే వస్తాయి.

వాస్తవం: సికిల్ సెల్ (హిమోగ్లోబిన్ ఎస్ వల్ల వచ్చేది) గిరిజనుల్లో ఎక్కువే. 2023లో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం కూడా వాళ్ల ప్రాంతాల మీదే దృష్టి పెట్టింది. కానీ బీటా తలసీమియా (హిమోగ్లోబిన్ తక్కువగా తయారయ్యే పుట్టుకతో వచ్చే లోపం) వాహకులు, అంటే ఆ లోపం తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే వచ్చినవాళ్లు, అన్ని కులాల్లోనూ ఉన్నారు. హిమోగ్లోబిన్ ఇ బెంగాల్, అస్సాం వైపు ఎక్కువ. అటు నుంచి మన జిల్లాలకు పనికొచ్చినవాళ్లకు షుగర్ చూసేటప్పుడు ఇది గుర్తుండాలి.

అపోహ: తేడా వస్తే తక్కువే చూపిస్తుంది.

వాస్తవం: ఎక్కువా చూపించొచ్చు. రకాన్ని బట్టి, మిషన్‌ను బట్టి మారుతుంది. ఐరన్ లోపం ఉన్నా అంకె పెరుగుతుంది. రక్తం ఎక్కించుకున్నవాళ్లలో, డయాలసిస్‌లో రక్తం పెరిగే ఇంజెక్షన్లు తీసుకునేవాళ్లలో తగ్గొచ్చు.

అపోహ: వేరియంట్ (వేరే రకం హిమోగ్లోబిన్) ఉంటే ఇక ఏ1సీ దండగ.

వాస్తవం: అందరికీ కాదు. సికిల్ వాహకులకు సరైన పద్ధతిలో చేస్తే చాలావరకు నమ్మొచ్చు. పూర్తి సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్లకు మాత్రం పనికిరాదు, ఎందుకంటే వాళ్లలో మామూలు హిమోగ్లోబిన్ ఏ ఉండనే ఉండదు. వాళ్లకు ఫ్రక్టోసమైన్ అనే రక్తపరీక్ష ఉంది, అది రెండు మూడు వారాల సగటు చెబుతుంది. పరగడుపు, తిన్న రెండు గంటల షుగర్ ఎలాగూ ఉన్నాయి.

మీటరు ఒకటి, ఏ1సీ ఒకటి చెబుతుంటే సొంతంగా మాత్రలు మార్చకండి. రెండు కాగితాలూ డాక్టరు గారి ముందు పెట్టి, హిమోగ్లోబిన్ రకం పరీక్ష అవసరమా అని అడగండి. వేరియంట్ తేలితే తోబుట్టువులకూ పిల్లలకూ చెప్పండి. ముఖ్యంగా పెళ్లీడు పిల్లలుంటే తప్పకుండా పరీక్ష చేయించండి. భార్యాభర్తలిద్దరూ సికిల్ లేదా తలసీమియా వాహకులైతే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు తీవ్రమైన జబ్బు రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది.