ముడి వేసిన కవర్‌లోకి బూజు ఎలా వచ్చింది?

పిల్లలూ,

"తాతయ్యా, బ్రెడ్ కవర్‌కి ముడి గట్టిగానే వేశాం. చీమ కూడా దూరలేదు. మరి బూజు ఎలా దూరింది?" అని అడిగారు. చాలా మంచి ప్రశ్న. బూజు తర్వాత దూరలేదు. మీరు ముడి వేసేటప్పటికే అది లోపల ఉంది.

బ్రెడ్ కాల్చే వేడికి బూజు బతకదు. కానీ చల్లారుతున్నప్పుడు, ముక్కలు కోస్తున్నప్పుడు, మనం కవర్ విప్పి ఒక ముక్క తీసుకున్నప్పుడు గాలిలో తిరిగే సిద్ధబీజాలు, అంటే బూజుకి విత్తనాల్లాంటి రేణువులు, దాని మీద వాలతాయి. ఒక్కొక్కటి మిల్లీమీటరులో సుమారు నూరో వంతు, కొన్ని ఇంకా చిన్నవి. కంటికి ఆనవు.

ఒక్కో సిద్ధబీజాన్ని బాటసారి అనుకోండి. గాలి ఎటు తీసుకెళ్తే అటు పోతాడు. ఎక్కడ పడితే అక్కడ మూట విప్పడు, నీళ్లు కావాలి. ఎండిన బ్రెడ్ మీద వాలితే మూట ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుంటాడు. తడి తగిలిందా, లేచి తెల్లని దారాలు చాపుతాడు. ఇక వంట మొదలు. మనం తిన్నాక అరిగించుకుంటాం కదా, ఇతనిది అంతా ఆరుబయటే. దారాల నుంచి రసాలు వదిలి, బ్రెడ్‌లోని పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చి, ఆ దారాలతోనే పీల్చుకుంటాడు. కడుపు నిండాక దారాల కొసల మీద పిల్లల్ని తయారు చేస్తాడు. అక్కడ చిన్న చిన్న బుడిపెలు నల్లబడ్డాయంటే లోపల బోలెడుమంది కొత్త బాటసారులు ప్రయాణానికి సిద్ధమన్నమాట. తెల్లగా మొదలైన బూజు తర్వాత రంగు మారేది అందుకే.

నల్లచుక్కలుంటే అది చాలాసార్లు రైజోపస్ అనే రకం బూజు. నీలి ఆకుపచ్చగా ఉంటే పెనిసిలియం కావచ్చు. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ అనే శాస్త్రవేత్త బ్యాక్టీరియా పెంచుతున్న గాజుపళ్లెంలో వాలి, చుట్టుపక్కల బ్యాక్టీరియాను పెరగనివ్వకుండా చేసింది ఆ జాతి బూజే. పెన్సిలిన్ మందు అలా మొదలైంది.

నా చిన్నప్పుడు వానలు వెళ్లాక పెట్టె అడుగు నుంచి తోలు చెప్పులు తీస్తే వాటి మీద తెల్లగా నూగు ఉండేది. "ఇది ఎక్కడిది నానమ్మా?" అంటే "తడి ఉంటే దానంతటదే పుడుతుందిరా" అని వాటిని ఎండలో పెట్టేది. ఎండలో పెట్టడం నూటికి నూరుపాళ్లు సరైన పనే. బూజు దానంతటదే పుడుతుందని మాత్రం ఒకప్పుడు పెద్ద పెద్ద పండితులూ నమ్మారు. ఇటలీలో మికేలీ అనే వృక్షశాస్త్రవేత్త ఊరికే నమ్మలేదు. బూజు మీది పొడిని, అంటే ఆ సిద్ధబీజాలనే, పండు ముక్కల మీద వేసి చూశాడు. ఏ రకం వేస్తే ఆ రకమే పెరిగింది, అంటే బూజు ఆ పొడి నుంచే వస్తుందన్నమాట. 1729లో ఆ సంగతి పుస్తకంలో రాశాడు. అప్పటికి ఇంట్లో దొరికే వస్తువులతో అంత పెద్ద సంగతి తేల్చాడంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

మీరూ చేసి చూడండి. ఒకే ప్యాకెట్‌లోంచి మూడు బ్రెడ్ ముక్కలు తీసుకోండి. ఒకదాన్ని గలగలలాడేలా ఎండబెట్టండి. మిగతా రెండింటి మీద సమానంగా కొన్ని నీటి చుక్కలు వేయండి. మూడింటినీ ఓ అరగంట గాలికి వదిలేసి, విడివిడిగా జిప్ కవర్లలో పెట్టి, మూతికి టేప్ అంటించి, తేదీ రాయండి. తడి ముక్కల్లో ఒకటి ఫ్రిజ్‌లోకి, మిగతావి బయట ఒకే చోట. రోజూ కవర్ మీదే స్కేలు పెట్టి మచ్చ ఎంతుందో కొలవండి, బొమ్మ గీయండి. భూతద్దం ఉంటే ఇంకా బాగు. కొన్ని బ్రెడ్లలో బూజును అడ్డుకునే కాల్షియం ప్రొపియొనేట్ కలుపుతారు, కాబట్టి ఆలస్యమైతే డీలా పడకండి.

టేప్ వేశాక మాత్రం కవర్ తెరవొద్దు, వాసన చూడొద్దు. ఆ పొడి ముక్కులోకి పోతే, ముఖ్యంగా ఆస్తమా ఉన్నవాళ్లకి, ఇబ్బంది. అంతా అయ్యాక కవర్‌తో సహా చెత్తబుట్టలో వేసేయండి. తినే బ్రెడ్ మీద చుక్క కనిపిస్తే అంతమేర గిల్లేసి మిగతాది తినకండి. కనిపించని దారాలు లోపలికి పాకి ఉంటాయి.

ఫ్రిజ్‌లో ముక్క మీద ఏమీ రాలేదని తొందరపడి పారేయకండి. చలికి బాటసారి నిదానిస్తాడు గానీ చావడు. ఇంకొన్నాళ్లు ఉంచి, దాని మీద మొదటి చుక్క ఎప్పుడు కనిపించిందో, ఏ రంగులో ఉందో నాకు రాయండి.

మీ తాతయ్య