వాన లేని మాఘంలో దోమలెందుకు?

విజయవాడలో సంక్రాంతి దాటి శివరాత్రి దగ్గరపడుతుండగా, వారాల తరబడి చుక్క వాన లేకపోయినా, పొద్దు వాలేసరికి తలుపులు మూసుకోవలసినంతగా దోమలు ముసురుతాయి. దోమ వర్షాకాలపు బెడద అనుకునేవారికి ఇది వింతగా తోస్తుంది. నిజానికి వాటి సంఖ్యను తేల్చేది వాన ఒక్కటే కాదు. ఏ జాతి దోమ, దానికి ఎలాంటి నీరు కావాలి, ఆ నీరు ఎన్నాళ్లు కదలకుండా ఉంది అన్న మూడూ కలిసి తేలుస్తాయి.

మాఘ ఫాల్గుణాల్లో రాత్రిపూట కుట్టేది ఎక్కువగా క్యూలెక్స్ జాతి. బోదవ్యాధిని మోసేది ఇదే. మురుగునీటి మీద ఆడదోమ నూటికి పైగా గుడ్లను ఒకదానికొకటి అంటించి చిన్న తెప్పలా తేలవిడుస్తుంది. జోరువానలు పడే రోజుల్లో సైడు కాలువలు పొంగి పారుతూ గుడ్లనూ, వాటిలోంచి వచ్చి నీటిలో పెరిగే పురుగుల్లాంటి లార్వాలనూ ఊడ్చుకుపోతాయి. వానలు వెనుదిరిగాక ప్రవాహం సన్నగిల్లుతుంది, పూడికకూ ప్లాస్టిక్ సంచులకూ అడ్డుపడి మురుగు చిక్కబడి నిలుస్తుంది, దానికితోడు చలి తగ్గి నీరు వెచ్చబడేసరికి గుడ్డు రెక్కల దోమ కావడానికి పది రోజులు చాలు. బందరు, ఏలూరు, రైవస్ కాలువలు నడిబొడ్డు నుంచి సాగే ఈ నగరంలో అలా నిలిచే నీటికి కొదవ లేదు. పొడిగా వడగాలి వీచే మే నెలలో మాత్రం రెక్కలొచ్చిన దోమల ఆయుష్షు తరిగి, గుంటలు ఎండి, తాకిడి కొంత నెమ్మదిస్తుంది.

డెంగీ, చికున్‌గున్యాలను మోసే ఏడిస్ దోమ తీరు వేరు. దానికి కావలసినది ఇంట్లో దొరికే తేట నీరు: మూతలేని డ్రమ్ము, కూలరు తొట్టి, ఫ్రిజ్ వెనకాల పళ్లెం, పూలకుండీ కింది మూకుడు, వాడకం మానేసిన రోలు, పెరట్లో పడేసిన కొబ్బరిచిప్ప, మేడమీది పాత టైరు. ఇది గుడ్లను నీటి మీద కాకుండా, నీటి మట్టానికి కాస్త పైన పాత్ర గోడకు అంటించి పెడుతుంది. నీరు ఎండిపోయినా ఆ గుడ్లు నెలల తరబడి చావవు. తొలకరి పడి పాత్ర నిండగానే పొదుగుతాయి. తొట్టిలోని నీళ్లు పారబోసి పని అయిపోయిందనుకోవడం అందుకే చాలదు, లోపలి గోడను పీచుతో గట్టిగా రుద్ది కడగాలి. వారానికొకసారి కడిగితే లార్వా దోమ అయ్యేలోగానే దాని కథ ముగుస్తుంది. ఆరోగ్యశాఖవారు శుక్రవారాన్ని డ్రై డేగా, అంటే నీటి పాత్రలను ఖాళీ చేసి ఆరబెట్టే రోజుగా, పాటించమనడంలోని లెక్క ఇదే. ఏడిస్ సాధారణంగా పుట్టినచోటి నుంచి కొన్ని వందల మీటర్లకు మించి పోదు గనుక, పట్టపగలు మనల్ని కుట్టినది మన ఇంట్లోనో, పొరుగింటి మేడమీదో పుట్టి ఉండే అవకాశమే ఎక్కువ.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి నగరంలోని సింగ్‌నగర్ పరిసరాలను ముంచినటువంటి వరదల్లో కూడా, పారే నీటికంటే నీరు తీశాక గుంటల్లోనూ చెత్తకుప్పల్లోనూ మిగిలిపోయే నీటితోనే దోమలకు అనుకూలత పెరుగుతుంది.

వీధిలో పొగ కొట్టే బండి వస్తే జనం తృప్తిపడతారు, రాకపోతే ఫిర్యాదు చేస్తారు. కళ్లకు కనిపించే పని కావడమే ఆ ఆదరణకు కారణమని నా అనుమానం. ఆ పొగ అప్పటికి ఎగురుతున్న దోమలను చంపగలదు గాని నీటిలోని లార్వాలను తాకదు, మంచం కింద, బట్టల వెనుక నక్కిన ఏడిస్‌ను చేరదు. వారం పది రోజుల్లో కొత్త తరం రెక్కలు విప్పుకుంటుంది.

మురుగు కాలువ పూడిక తీయడం నగరపాలక సంస్థ పని, దాన్ని ఒక్క ఇల్లు చేయలేదు. అయితే క్యూలెక్స్‌కు ఇంటివారు ఇచ్చే ఆశ్రయం ఒకటుంది: సెప్టిక్ ట్యాంకు. దాని గాలి గొట్టం గుండా దోమలు లోపలికి వెళ్లి గుడ్లు పెడతాయి, పుట్టినవి అదే దారిన బయటికి వస్తాయి. గొట్టం చివర సన్నకన్నుల వల బిగించి, ట్యాంకు మూత పగుళ్లను సిమెంటుతో పూడిస్తే ఆ దారి మూసుకుపోతుంది. నైలాన్ వల ఎండకు పెళుసుబారి చిరుగుతుంది గనుక స్టీలు జాలీ వేయించుకోవడం మేలు.