బడిలో మాక్ కోర్టు: అపోహలు - వాస్తవాలు

నెల్లూరు కోర్టులో ప్రాక్టీసు చేస్తూ, కుదిరిన శనివారాల్లో కోవూరు, ఇందుకూరుపేట వైపు హైస్కూళ్లకు వెళ్లి ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలతో మాక్ కేసులు, అంటే అచ్చం కోర్టులోలా విచారణ జరిపే ఉత్తుత్తి కేసులు నడిపిస్తుంటాను. నవంబరులో పిలుపులు ఎక్కువ. 9న న్యాయ సేవల దినం, 26న రాజ్యాంగ దినోత్సవం. ఎక్కడికి వెళ్లినా మొదటి అరగంట, సినిమాలు నేర్పిన కోర్టును పిల్లల బుర్రల్లోంచి తీయడానికే సరిపోతుంది. టీచర్ల బుర్రల్లోంచి తీయడానికి ఇంకాస్త పడుతుంది.

అపోహ: మాక్ కేసంటే కోర్టు సీనున్న నాటకం. డైలాగులు బట్టీ పట్టిస్తే చాలు.

మొదట్లో నేనూ అలాగే అనుకుని పన్నెండు పేజీలు రాసిచ్చాను. సాక్షి ఒక లైను మర్చిపోయాడు. ప్లీడరు కుర్రాడు అది గమనించకుండా తర్వాతి ప్రశ్న అడిగేశాడు. హాలంతా నవ్వులు. తప్పు పిల్లలది కాదు. తీర్పు ముందే తెలిసిన కేసులో సాక్షి మాట వినాల్సిన అవసరం ఎవరికుంటుంది?

ఇప్పుడు ఒక్కో సాక్షికి ఒక్కో కాగితం ఇస్తాను. అందులో అతను చూసింది, విన్నది మాత్రమే ఉంటుంది. పోలీసులకిచ్చిన వాంగ్మూలం నకలు ఎదుటి పక్షానికి ముందే అందుతుంది. తీర్పు మాత్రం నా దగ్గర కూడా ఉండదు.

నాకు బాగా గుర్తున్నది రొయ్యల గుంట కేసు. రాత్రి షెడ్డులోంచి ఏరియేటర్ (గుంట నీటికి గాలి అందించే యంత్రం) మోటారు పోయింది. చీకట్లో మొహం కనపడలేదుగానీ గొంతు గుర్తుపట్టానని కాపలాదారు సాక్ష్యం. ముద్దాయి తరఫున క్రాస్ చేయడానికి, అంటే ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించడానికి లేచిన అమ్మాయిది రొయ్యల గుంటలున్న ఊరే. ‘అప్పుడు ఏరియేటర్లు ఎన్ని తిరుగుతున్నాయి?’ అంది. ‘ఎనిమిది.’ అక్కడ కూర్చుంటే అయిపోయేది. కూర్చోలేదు. ‘అంత మోతలో గొంతెలా వినపడింది?’ అని అడిగింది. సాక్షి కుర్రాడు గడుసువాడు. ‘సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది’ అన్నాడు. ఆ అమ్మాయి మొహం వాడిపోయింది.

ఆమె పక్కన జూనియరుగా కూర్చున్న పిల్లవాడు లేచాడు. అంతవరకూ నోరు విప్పనివాడు. ‘కరెంటు పోతే జనరేటర్ వేయరా? వేయకపోతే తెల్లారేసరికి రొయ్యలు తేలిపోవా?’ అని, వెంటనే ‘కరెంటు పోయిందని పోలీసులకు చెప్పావా?’ అని అడిగాడు. ఆ రెండో ప్రశ్న మేం రోజూ కోర్టులో అడిగేదే. వాడికి నేను నేర్పలేదు. వాంగ్మూలం నకలు చదువుకుంటే తట్టింది. మొదటి ప్రశ్న మాత్రం నాకే తట్టేది కాదు.

జడ్జీలుగా ముగ్గురిని కూర్చోబెట్టాను. దొంగతనం కేసు అసలైతే ఒక్క మేజిస్ట్రేటు ముందే నడుస్తుంది. పిల్లలు తమలో తాము వాదించుకుంటారని ముగ్గురు. కేసు కొట్టేశారు. కాపలాదారు వేషం వేసినవాడు దాదాపు ఏడుపు మొహంతో వచ్చాడు. ‘గొంతు గుర్తుపట్టానని నా కాగితంలో ఉంది గదా సార్. మరి నేను అబద్ధం చెప్పినట్టా?’ కాదబయా అన్నాను. ముద్దాయే చేశాడని అనుమానానికి తావులేకుండా రుజువు చేయాల్సింది ప్రాసిక్యూషన్. అది చాలకపోతే విడుదల. సాక్షి అబద్ధాలకోరని దాని అర్థం కాదు. ఈ ఒక్క ముక్క వాడికి ఎక్కించడానికి నాకు ఇరవై నిమిషాలు పట్టింది.

అపోహ: ముద్దాయిని బోనులో నిలబెట్టి, నిజం చెప్పమని గద్దించాలి.

అన్నిటికన్నా మొండి అపోహ ఇదే. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పాలని ముద్దాయిని ఎవరూ బలవంతం చేయకూడదని రాజ్యాంగం 20(3) అధికరణం అంటుంది. ప్రాసిక్యూషన్ సాక్ష్యం అయ్యాక, వచ్చిన సాక్ష్యం మీద ముద్దాయిని ప్రశ్నలడిగేది జడ్జి. అది కూడా ప్రమాణం లేకుండా. జవాబివ్వకపోయినా, తప్పు జవాబిచ్చినా అందుకని శిక్ష వేయరు. తానే సాక్ష్యం చెప్పుకుంటానని రాసిస్తే అప్పుడు బోనెక్కి క్రాస్‌కు నిలబడాలి. ఇది చెప్పగానే ‘అయితే దొంగలు తప్పించుకోరా సార్’ అని ఎవరో ఒకరు అడుగుతారు. జవాబు నేను చెప్పను. అలా అడిగినవాణ్ణే తర్వాతి కేసులో ముద్దాయిని చేస్తాను.

అపోహ: గీత మీద చెయ్యి, బల్ల మీద సుత్తి, పక్కన జ్యూరీ (దోషో కాదో తేల్చే మామూలు జనం).

మన కోర్టుల్లో సుత్తి ఉండదు. గ్రంథం మీద చెయ్యీ ఉండదు. 1969 నాటి ప్రమాణాల చట్టం ప్రకారం దేవుని పేరునో, ఆత్మసాక్షిగానో నిజం చెబుతానంటే చాలు. హత్యానేరం మోపిన నౌకాదళ అధికారి నానావతి కేసులో జ్యూరీ నిర్దోషి అన్నా హైకోర్టు శిక్ష వేసిన సంగతి చాలామందికి తెలుసు. 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ వచ్చాక క్రిమినల్ కేసుల్లో జ్యూరీ మాటే లేదు.

అపోహ: 302, 420 అంటే చాలు, చట్టం వచ్చేసినట్టే.

ఆ అంకెలు పాత ఐపీసీవి. దాని స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. ఆ రోజు నుంచి జరిగిన నేరాల్లో హత్యకు 103, మోసానికి 318. పాత స్క్రిప్టులు దుమ్ము దులిపి వాడే బళ్లు ఇది గమనించాలి.

అపోహ: పిల్లలకు దగ్గరగా ఉంటుందని, తొమ్మిదో తరగతి కుర్రాణ్ణే ముద్దాయిగా పెట్టి కేసు రాయవచ్చు.

రాస్తే అది మామూలు కోర్టుకు రాదు. 18 నిండని పిల్లల కేసు బాల న్యాయ మండలి చూస్తుంది. ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు, ఆ ఇద్దరిలో ఒకరు తప్పనిసరిగా మహిళ. ఘోరమైన నేరాల్లో 16 దాటినవారికి వేరే దారి ఉంది. పిల్లవాడికి సంకెళ్లు వేసిన బొమ్మతో ఒక బడి బ్యానరు కట్టింది. చూసి వెంటనే తీయించాను. మాక్ కేసుకు సివిల్ దావా ఇంకా మంచిది. గట్టు తగాదా, కాలువ నీళ్లు, చీటీ డబ్బు. హత్యలు వద్దు మహాప్రభో.

మూట్ కోర్టు వేరు. అక్కడ సాక్షులుండరు, చట్టం మీద వాదనే. అది లా కాలేజీల పని.

అపోహ: దొంగ తరఫున వాదించడం తప్పు, మంచి పిల్లలను ప్రాసిక్యూషన్‌కు పెట్టాలి.

ఒక హెడ్మాస్టరు గారు నాతో అన్న మాట ఇది. అరెస్టయిన మనిషికి తనకు నచ్చిన ప్లీడరును పెట్టుకునే హక్కు రాజ్యాంగం 22(1) అధికరణంలో ఉంది. పెట్టుకునే స్తోమత లేనివారికి ఉచిత న్యాయ సహాయం 39ఏలో ఉంది. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయం ఎంతున్నా అది దొరుకుతుంది. న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేస్తే చాలు. ఆ బడిలో నేను చీటీలు వేయించాను. ముద్దాయి తరఫు చీటీ క్లాసు లీడరుకు వచ్చింది. మార్చుకోవచ్చా సార్ అంది. కుదరదన్నాను. భోజనాల బెల్లయ్యేసరికి ఆ అమ్మాయి ముద్దాయిని వేపచెట్టు కిందికి తీసుకెళ్లి, ఆ రాత్రి అతను ఎక్కడున్నాడో నోటుబుక్కులో రాసుకుంటోంది.