ముట్లుడిగే వయసు, గర్భసంచి ఆపరేషన్: అపోహలు - వాస్తవాలు

వరుసగా 12 నెలలు నెలసరి రాకపోతే మెనోపాజ్ వచ్చినట్టు లెక్క. మన దేశంలో ఇది సగటున 46-47 ఏళ్లకు వస్తుంది. అంతకు కొన్నేళ్ల ముందు నుంచే అండాశయాలలో ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్ ఉత్పత్తి ఎగుడుదిగుడుగా సాగుతుంది కనుక నెలసరి క్రమం తప్పడం, ఒళ్లంతా ఆవిర్లు రావడం, నిద్ర పట్టకపోవడం, చిరాకు అప్పుడే మొదలవుతాయి. స్త్రీ వైద్యురాలిగా నన్ను ఎక్కువగా బాధించేది ఈ దశలో జరిగే తొందరపాటు ఆపరేషన్లు.

అపోహ: పిల్లలు పుట్టాక గర్భసంచితో పనిలేదు, తీయించేసుకుంటే బాధ వదిలిపోతుంది.

వాస్తవం: 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తొలగించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం ఉన్నారు. తెల్లబట్ట అవుతోందనో, నడుము నొప్పి అనో, 'సంచి పాడైంది, ఉంచితే క్యాన్సర్ అవుతుంది' అని ఎవరో చెప్పారనో ముప్పై ఐదేళ్లకే ఆపరేషన్ చేయించుకున్నవారిని నేను తరచూ చూస్తుంటాను. సంచితోపాటు అండాశయాలను కూడా తీసేస్తే ఏళ్ల తరబడి నెమ్మదిగా జరగాల్సిన మార్పు కొద్ది రోజుల్లోనే వచ్చిపడుతుంది. ఆవిర్లు తీవ్రంగా ఉంటాయి, ఎముకలు త్వరగా గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. అండాశయాలను ఉంచినా మెనోపాజ్ కొంత ముందుగానే రావచ్చు. అధిక రక్తస్రావాన్ని చాలామందిలో మాత్రలతోనో, గర్భసంచిలో అమర్చే హార్మోన్ లూప్‌తోనో అదుపు చేయవచ్చు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ భయానికి సమాధానం అక్కడి కణాలను తీసి చూసే పాప్ పరీక్ష లేదా ఆ క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్‌ను వెతికే హెచ్‌పీవీ పరీక్ష. క్యాన్సర్ ఉన్నప్పుడు, మందులకు లొంగని పెద్ద గడ్డలు ఉన్నప్పుడు, సంచి బాగా జారినప్పుడు ఆపరేషన్ అవసరమే. అయితే అండాశయాలను కూడా తీస్తున్నారా, తీస్తే ఎందుకు అని సంతకం పెట్టే ముందే అడగండి.

అపోహ: ఆవిర్లు ఒంట్లో వేడి చేయడం వల్ల వస్తాయి, మజ్జిగ తాగుతూ ఓర్చుకోవాల్సిందే.

వాస్తవం: ఈస్ట్రోజెన్ తగ్గినప్పుడు మెదడులో శరీర ఉష్ణోగ్రతను నియంత్రించే భాగం చిన్నపాటి మార్పుకు కూడా అతిగా స్పందిస్తుంది. అందుకే ఒక్కసారిగా ముఖం, మెడ వేడెక్కి చెమటలు పడతాయి. మజ్జిగ మంచిదే కానీ అది దీనికి మందు కాదు. చాలామందిలో ఇవి ఏడేళ్లకు పైగా కొనసాగుతాయి, అన్నేళ్లు నిద్ర లేకుండా ఓర్చుకోమనడం అన్యాయం. తగ్గిన హార్మోన్‌ను మందుగా ఇస్తే ఆవిర్లు తగ్గుతాయి. హార్మోన్లు వద్దనుకునేవారికి వేరే మందులు కూడా ఉన్నాయి.

అపోహ: హార్మోన్ మాత్రలు వేసుకుంటే రొమ్ము క్యాన్సర్ ఖాయం.

వాస్తవం: ఈ భయం 2002లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంతో బలపడింది. అందులో పాల్గొన్నవారి సగటు వయసు 63. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ (గర్భసంచి లోపలి పొరను కాపాడేందుకు ఇచ్చే మరో హార్మోన్) కలిపి తీసుకున్న 10,000 మందిలో ఏడాదికి అదనంగా కనిపించిన రొమ్ము క్యాన్సర్లు సుమారు 8. గర్భసంచి లేక ఈస్ట్రోజెన్ మాత్రమే తీసుకున్నవారిలో ఆ పెరుగుదల కనిపించలేదు. అరవై దాటని, మెనోపాజ్ వచ్చి పదేళ్లు నిండని ఆరోగ్యవంతులలో సాధారణంగా మేలే ఎక్కువ. రొమ్ము క్యాన్సర్, రక్తనాళాల్లో గడ్డలు, పక్షవాతం, తీవ్రమైన కాలేయ వ్యాధి ఉన్నవారికి మాత్రం ఇవి తగవు. నలభై ఐదేళ్లలోపే అండాశయాలు పోయినవారికి, ఇలాంటి అడ్డంకులు లేకపోతే, సహజంగా ముట్లుడిగే వయసు వరకైనా హార్మోన్లు ఇవ్వడం మంచిది. ఆ వయసులో వారు కోల్పోయింది శరీరానికి ఇంకా అవసరమైనదే.

అపోహ: నెలసరి తప్పుతోంది కనుక ఇక గర్భం రాదు.

వాస్తవం: రావచ్చు. యాభై లోపువారు చివరి నెలసరి తర్వాత రెండేళ్లు, యాభై దాటినవారు ఏడాది పాటు జాగ్రత్త తీసుకోవాలి.

అపోహ: ముట్లు ఆగిపోయాక మళ్లీ రక్తం కనిపిస్తే చెడు రక్తం పోతున్నట్టే.

వాస్తవం: ఏడాది ఆగిన తర్వాత ఒక్క చుక్క కనిపించినా ఆ వారంలోనే వైద్యులను కలవాలి. కారణం చాలాసార్లు యోని పొర పలచబడటమే అయినా, గర్భాశయ క్యాన్సర్‌కు తొలి సూచన ఇదే కావచ్చు. స్కానింగ్‌లో లోపలి పొర మందం 4 మిల్లీమీటర్లు దాటితే బయాప్సీ, అంటే ఆ పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్ష, చేస్తారు. అందులో క్యాన్సర్ తేలితే మాత్రం గర్భసంచి తీయించుకోవడానికి వెనుకాడవద్దు. తొలి దశలో ఆ ఆపరేషన్‌తోనే చాలామందికి పూర్తిగా నయమవుతుంది.