ఎడారి పెరట్లో శరదృతువు: అపోహలు - వాస్తవాలు

అపోహ: సాయంత్రాలు చల్లబడ్డాయంటే ఆకుకూరల గింజలు చల్లేయవచ్చు.

మొలక రాకపోతే మొదట తిట్లు తినేది విత్తనాలు అమ్మినవాడే. తొలి ఏడాది నేనూ తిట్టాను. సెప్టెంబరులో గాలి కాస్త చల్లబడగానే లెట్యూస్ గింజలు చల్లి మూడు వారాలు నీళ్లు పోశాను. ఒక్క మొలకా లేదు. మిగిలిన గింజలను తడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో కొన్ని రోజులు ఉంచి, తీసి నీడన పెడితే తెల్లని మొనలు పొడుచుకొచ్చాయి. తప్పు గింజది కాదు, నేలది. గాలి చల్లబడినా వేసవంతా కాగిన నేల అంత తొందరగా చల్లారదు. అది 30 డిగ్రీల దగ్గర ఉన్నంతకాలం లెట్యూస్ గింజ ప్రాణంతో ఉండి కూడా మొలవదు. తోటకూరకు ఈ పట్టింపు లేదు. క్యారెట్ మధ్యస్థం: సాలు మీద తడి గోనెపట్టా కప్పి, మొలక కనబడిన రోజే తీసేస్తే వస్తుంది. ఇప్పుడు నేను క్యాలెండర్ చూడను. అయిదు సెంటీమీటర్ల లోతున థర్మామీటర్ గుచ్చి, 25కు దిగాకే లెట్యూస్ జోలికి వెళతాను.

అపోహ: వేసవిలో కాయని టమాటా మొక్కను పీకేయాలి.

పగలు 35, రాత్రి 24 డిగ్రీలు దాటితే పుప్పొడి చెడి పూత రాలిపోతుంది. మొక్క గొడ్డుబోయిందని కాదు. కొమ్మలను మూడోవంతు కత్తిరించి, చివికిన ఎరువు వేసి ఆగండి. రాత్రులు చల్లబడ్డాక పిందె పడుతుంది. అయితే ఒక్క మొక్కను తవ్వి చూడండి. వేళ్ల నిండా బొడిపెలు ఉంటే నులిపురుగు (వేళ్లలో చేరే నెమటోడ్) పట్టినట్టే, ఆ మొక్కల మీద ఆశ వదులుకోవాలి.

అపోహ: ఎండ ఎక్కువ కాబట్టి రోజూ కొంచెం కొంచెం నీళ్లు పోయాలి.

ఎక్కువ తోటలు పాడయ్యేది ఇక్కడే. ఎడారి నీళ్లలో సాధారణంగా లవణాలు ఎక్కువ. పైపైన తడిపితే నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగులుతుంది. కొన్ని వారాలకు మడి అంచున తెల్లటి పొర తేలుతుంది, ఆకుల అంచులు మాడతాయి. దాన్ని ఎండదెబ్బ అనుకుని మళ్లీ చెంబెడు నీళ్లు పోస్తాం. చౌడు ఇంకా పెరుగుతుంది! మొలకలు లేచేదాకా పైమట్టి తడిగా ఉంచక తప్పదు. ఆ తర్వాత తడి తడికీ ఎడం పెంచి, పోసినప్పుడు జానెడు లోతు దిగేలా పోయాలి. ఇనుపచువ్వ గుచ్చి చూడండి, తడిమట్టిలో సులువుగా దిగి పొడిమట్టి తగలగానే ఆగుతుంది. విత్తడానికి ముందు ఒకసారి మడి నిండా నీరు కట్టి, వేసవిలో పేరుకున్న ఉప్పును వేళ్లకు అందనంత కిందికి దించడం నా అలవాటు.

మధ్యాహ్నం ఆకులు వాలితే కంగారుపడి గొట్టం పట్టుకోకండి. తెల్లవారేసరికి నిలబడ్డాయంటే దాహం కాదు, ఎండకు తలవంచాయంతే.

అపోహ: ఎత్తు మడులే మేలు.

వానలు ముంచెత్తే చోట మేలే. ఎడారిలో ఎత్తు మడి నాలుగు పక్కల నుంచీ ఆరిపోతుంది. అమెరికా నైరుతిలోని జూనీ ప్రజలు చుట్టూ మట్టిగట్లు కట్టిన చిన్న చిన్న గుంటమడుల్లో పంట పండించేవారు. నీరు నిలుస్తుంది, గట్టు గాలిని ఆపుతుంది. అడుగున సున్నపు రాతిపొర అడ్డం పడితే మాత్రం గుంటలో నీరు ఇంకక వేళ్లు కుళ్లుతాయి. అలాంటి చోట ఎత్తు మడి తప్పదు.

అపోహ: పొయ్యి బూడిద ఏ మట్టికైనా బలమే.

ఆమ్ల నేలలకు బలమే. ఎడారి మట్టి ఉదజని సూచిక (pH) తరచుగా 8కి అటూఇటూగా, అంటే క్షారం వైపు ఉంటుంది, బూడిద దాన్ని ఇంకా పైకి నెడుతుంది. లేత ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలితే ఇనుము అందడం లేదని అర్థం. అలాంటి మట్టిలో ఇనుము ఉన్నా మొక్క తీసుకోలేదు. బాగా చివికిన కంపోస్టు వేయండి. వేడికి అది త్వరగా కరిగిపోతుంది కనుక ప్రతి కారుకూ వేయాల్సిందే. పచ్చి పేడ వద్దు, దానిలోనూ ఉప్పు ఉంటుంది.

అపోహ: ఎడారిలో చలి బెంగ లేదు.

మబ్బు లేని ఆకాశం కింద పగటి వేడి రాత్రికల్లా ఎగిరిపోతుంది. కొన్ని ఎడారుల్లో శరత్తు చివర నీరు గడ్డకట్టే రాత్రులూ వస్తాయి. ముల్లంగి, క్యాబేజీ తట్టుకుంటాయి. టమాటా, తులసి నల్లబడతాయి. ఆకాశం తేటగా ఉండి గాలి స్తంభించిన సాయంత్రం పొడిమట్టిని తడపండి, పగటి వేడిని కొంత పట్టి ఉంచుతుంది. పొద్దు గుంకకముందే పాత దుప్పటి నేలను తాకేలా కప్పి, ఎండ పడగానే తీసేయండి.