పెద్ద హబ్ మోటార్ వేస్తే ఈ-బైక్ పవర్ పెరుగుతుందా? అపోహలు - వాస్తవాలు

ఈ-బైకులు బాగుచేసే వాళ్లెవరినైనా అడగండి, మాటిమాటికీ వినేది ఇదే అంటారు: "ఈ 250 వాట్ల మోటార్ తీసేసి 1000ది వేసేయండి. బ్యాటరీ, కంట్రోలర్ బాగానే ఉన్నాయి, వాటి జోలికి వెళ్లొద్దు." కొందరైతే హబ్ మోటార్ (చక్రం మధ్యలోనే ఇమిడి ఉండే మోటార్) బిగించిన చక్రం ముందే కొనేసి చేత్తో పట్టుకునే వస్తారు. వాళ్ల సంబరం చూస్తే అసలు సంగతి చెప్పడానికి నోరు రాదు. అయినా చెప్పక తప్పదు. ఈ పనిలో జనం డబ్బు ఎక్కువగా పోయేది ఈ ఒక్క అపోహ దగ్గరే.

అపోహ: మోటార్ మీద ఎన్ని వాట్లు రాసి ఉంటే అంత పవర్ వస్తుంది

రాదు. మోటార్ తనంతట తాను పవర్ పుట్టించదు, ఇచ్చింది తీసుకుంటుంది. ఎంత ఇవ్వాలో కంట్రోలర్ చూసుకుంటుంది, ఎంత ఇవ్వగలమో బ్యాటరీ తేలుస్తుంది. చేద పెద్దదైనంత మాత్రాన బావిలో నీళ్లు పెరగవు.

లెక్క చాలా చిన్నది. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు. మీ కంట్రోలర్ వెనకాల లేబుల్ చూడండి. మామూలు 36 వోల్టుల కిట్‌లో గరిష్ఠ కరెంటు 15 ఆంపియర్లని ఉంటుంది. 36ని 15తో గుణిస్తే 540. అంటే మీరు "250 వాట్లు" అనుకుంటున్న బైకు ఎత్తు ఎక్కేటప్పుడు ఇప్పటికే 500 వాట్ల పైన లాగుతోంది. దాని స్థానంలో 1000 అని రాసి ఉన్న మోటార్ పెట్టినా అదే కంట్రోలర్, అదే 540. మోటార్ మీద ఉన్న అంకె, అది మరీ వేడెక్కకుండా ఎంత పవర్‌ను ఆగకుండా భరించగలదో చెబుతుంది. ఆ అంకెను కూడా ఒక్కో తయారీదారు ఒక్కో రకంగా వేస్తారు. ఒకే మోటార్ మీద 250 అనీ 500 అనీ రెండు లేబుళ్లు చూశాను, లోపల తీగ చుట్ట ఒక్కటే.

ఇంకో చిత్రం ఉంది. పెద్ద మోటార్ వేశాక స్పీడు తగ్గిందని మళ్లీ వస్తారు. "మోసపోయాను, నకిలీ మోటార్ ఇచ్చారు" అని తిట్టుకుంటూ వస్తారు. మోటార్ మంచిదే. హబ్ మోటార్ ఎంత వేగంగా తిరుగుతుందనేది దాని వైండింగ్, దానికి అందే వోల్టేజ్, చక్రం సైజు మీద ఆధారపడుతుంది. 48 వోల్టుల కోసం చుట్టిన మోటార్, చక్రం గాల్లో ఉన్నప్పుడు గంటకు 40 కిలోమీటర్లు తిరుగుతుందనుకుందాం. అదే 36 వోల్టుల మీద 30కే ఆగిపోతుంది. మనిషి ఎక్కి రోడ్డు మీద పోతే అందులో ఇంకొంత పోతుంది. మార్కెట్లో 1000 వాట్ల మోటార్లలో చాలావాటిని 48 వోల్టులకే చుడతారు. పాత 36 వోల్టుల బ్యాటరీ ప్యాక్ మీద వాటిని తగిలిస్తే బరువు పెరుగుతుంది, స్పీడు తగ్గుతుంది. డబ్బు పెట్టి బైకును నెమ్మది చేసుకోవడమన్నమాట.

సరే, కంట్రోలర్ కూడా మార్చేస్తామంటారు. 25 ఆంపియర్లది పెడతారు. అసలు ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది, ఎందుకంటే ఇప్పుడు భారమంతా బ్యాటరీ మీద పడుతుంది.

36 వోల్టులు, 10 ఆంపియర్-అవర్ ప్యాక్ తీసుకోండి. 18650 రకం చిన్న గుండ్రటి సెల్స్‌తో కట్టినదైతే లోపల మామూలుగా 10 వరసలు, వరసకు 4 సెల్స్ ఉంటాయి. 25 ఆంపియర్లు లాగితే ఒక్కో సెల్ మీద 6 ఆంపియర్ల పైచిలుకు. ఇలాంటి ప్యాకుల్లో పెట్టే సెల్స్‌లో చాలావాటికి అది హద్దు మీద కానీ, హద్దు దాటి కానీ ఉంటుంది. కరెంటు గట్టిగా లాగినప్పుడు ప్యాక్ వోల్టేజ్ కిందికి జారుతుంది. ప్యాక్ లోపలి రెసిస్టెన్స్ 0.15 ఓమ్ అనుకుంటే, 25 ఆంపియర్లకు దాదాపు 4 వోల్టులు పోయినట్టే. చార్జింగ్ ఇంకా కొంత ఉండగానే, ఎత్తు మొదట్లోనే వోల్టేజ్ 31 దగ్గరకు పడుతుంది, కంట్రోలర్ ఆపేస్తుంది. థ్రాటిల్ వదలగానే వోల్టేజ్ మళ్లీ లేస్తుంది, డిస్‌ప్లేలో గీతలు నిండుగా కనిపిస్తాయి. "బ్యాటరీ సగం పైన చూపిస్తోంది, ఎత్తెక్కితే చచ్చిపోతోంది, కొత్త మోటార్ పాడైందా?" అన్న టెన్షన్ మొత్తం ఇక్కడిదే. మోటార్‌కేమీ కాలేదు.

కంట్రోలర్ ఆపకపోతే బీఎంఎస్, అంటే బ్యాటరీ లోపల ఉండే రక్షణ బోర్డు, ఆపుతుంది. దాని మీద 20 ఆంపియర్లు అని ఉంటే, అంతకు మించి లాగుతూ పోతే కట్ చేస్తుంది. అందుకే అది ఉన్నది. అప్పుడు ఎవరో ఒక మేధావి "బీఎంఎస్‌ను బైపాస్ చేసేయ్ అన్నా, ఫ్రీగా లాగుతుంది" అని సలహా ఇస్తాడు. ఈ సలహా ఇచ్చేవాళ్లతో నాకు ఓపిక లేదు. లిథియం ప్యాక్‌లో ఏ వరస మరీ ఖాళీ అయిపోతోందో చూసేది ఆ బోర్డు ఒక్కటే. దాన్ని పక్కన పెడితే ఒక బలహీనమైన వరస అడుగంటే దాకా లాగేస్తారు. ఆ తర్వాత దాన్నే రాత్రి చార్జింగ్ పెట్టి పడుకుంటారు. ఈ-బైక్ బ్యాటరీ మంటల గురించి భయపడేవాళ్లు అనవసరంగా భయపడుతున్నారని నేను అనను. కాకపోతే మంచి ప్యాక్‌ను దానికిచ్చిన చార్జర్‌తో, దాని హద్దులో వాడుకునే మనిషికి రాత్రిళ్లు నిద్ర పట్టకపోవాల్సినంత ఏమీ లేదు. ఒకావిడ తన బైకు బ్యాటరీ పేలుతుందేమోనని ఎండలో బయట పెట్టి ఉంచేది. పాపం, ఆ ఎండే దానికి ఎక్కువ చేటు. నీడలో, సగం పైన చార్జింగ్‌తో ఉంచమని చెప్పి పంపాను.

షంట్ (కంట్రోలర్ కరెంటును కొలుచుకునే చిన్న తీగ) మీద సోల్డర్ వేసి కంట్రోలర్‌ను ఏమార్చడం కూడా ఈ కోవలోదే. కంట్రోలర్ తక్కువ కరెంటు పోతోందనుకుని ఎక్కువ వదులుతుంది. ఎంత వదులుతోందో మీకూ తెలియదు, దానికీ తెలియదు. మాస్‌ఫెట్లు (మోటార్‌కు కరెంటు వదిలే స్విచ్‌లు) కాలాక తెలుస్తుంది.

మరి ఏం చెయ్యాలి? నా దగ్గరికి వచ్చిన వాళ్లను ముందు ఒక్కటే అడుగుతాను: మీకు తక్కువైంది ఎక్కడ? ఎత్తెక్కేటప్పుడా, స్పీడులోనా, దూరంలోనా? ఎత్తులో అయితే కావలసింది కరెంటు, అంటే కంట్రోలర్, దాన్ని భరించే బ్యాటరీ. స్పీడు అయితే వోల్టేజ్, లేదా వేరే వైండింగ్. దూరం అయితే వాట్-అవర్లు (బ్యాటరీలో నిలవ ఉండే శక్తి), అంటే పెద్ద ప్యాక్. మూడింటిలో దేనికీ మొదటి జవాబు మోటార్ కాదు. మోటార్ మార్చాల్సింది, ఇచ్చే పవర్‌ను ఉన్న మోటార్ భరించలేనప్పుడు. పొడవైన ఎత్తు ఎక్కాక హబ్ మీద చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే అప్పుడు ఆలోచించండి. కరెంటు రెట్టింపైతే తీగలో పుట్టే వేడి నాలుగింతలు. ఇక్కడ మాత్రం పెద్ద మోటార్‌కు నిజంగా పని ఉంది.

ఒకాయన వచ్చాడు, మోకాళ్ల నొప్పులు, థ్రాటిల్ మీదే తిరుగుతాడు. బైకు ఈమధ్య లాగడం లేదు, పెద్ద మోటార్ వేసుకోమని అందరూ చెప్పారట. బ్యాటరీ విప్పి చూస్తే డిశ్చార్జ్ కనెక్టర్ నల్లబడి, ప్లాస్టిక్ కరిగి ఉంది. పవర్‌లో కొంత అక్కడే వేడిగా పోతోంది. కనెక్టర్ మార్చి, టైర్లలో గాలి కొట్టి ఇచ్చాను. "ఇంతేనా?" అన్నాడు. ఇంతే. ఇంట్లో వాళ్లకు ఏం చెప్పాలో అన్నట్టు కాసేపు అక్కడే నిలబడ్డాడు కూడా.

అపోహ: నట్లు బాగా బిగిస్తే చాలు, టార్క్ ఆర్మ్ అక్కర్లేదు

మిగతావి మరిచిపోయినా దీన్ని మరవకండి. టార్క్ ఆర్మ్ అంటే యాక్సిల్ తిరగకుండా పట్టుకుని ఫ్రేముకు బిగించే లోహపు పట్టీ. మామూలు చక్రంలో యాక్సిల్ ఊరికే పట్టుకుని ఉంటుంది. హబ్ మోటార్‌లో చక్రం ముందుకు తిరగాలంటే యాక్సిల్ వెనక్కి తిరగబోతుంది. దాన్ని ఆపేది డ్రాపవుట్‌లో (ఫ్రేము, ఫోర్క్ చివర యాక్సిల్ కూర్చునే గాడిలో) కూర్చున్న 10 మిల్లీమీటర్ల చదునైన అంచులే. మోటార్ 40 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తే ఆ అంచుల మీద పడే ఒత్తిడి కనీసం 400 కిలోల బరువంత. స్టీల్ ఫ్రేము వెనక చక్రంలో, చిన్న మోటార్‌తో, ఎలాగో నెట్టుకొస్తుంది. అల్యూమినియం ఫోర్క్ అయితే హెచ్చరించకుండా చీలుతుంది. యాక్సిల్ గిర్రున తిరిగిందంటే కేబుల్ దానికి చుట్టుకుని తెగుతుంది, మోటార్‌కు పవర్ తెచ్చే ఫేజ్ వైర్లు, సెన్సర్ల సన్నటి హాల్ వైర్లకు తగిలి కంట్రోలర్ కూడా పోతుంది. ముందు చక్రమైతే ఫోర్క్ నుంచి ఊడి వస్తుంది, మనిషి ముందుకు పడతాడు. అందుకే ముందు అల్యూమినియం ఫోర్క్‌కు పెద్ద మోటార్ నేను బిగించను, ఎంత బతిమాలినా సరే.

రీజెన్ బ్రేకింగ్ (బ్రేకు వేసినప్పుడు మోటారే తిరిగి బ్యాటరీకి కరెంటు పంపడం) ఉంటే ఇంకా జాగ్రత్త. ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి యాక్సిల్‌ను ఊపుతూ ఉంటుంది కాబట్టి నట్లు వదులవుతాయి. రెండు వైపులా టార్క్ ఆర్మ్ వేయాలి. రీజెన్‌తో బ్యాటరీ నిండిపోతుందనే ఆశ పెట్టుకోవద్దు, చదును దారిలో వచ్చేది చాలా కొంచెం. పైగా గేర్డ్ హబ్‌లో (లోపల పళ్ల చక్రాలున్న హబ్ మోటార్‌లో) రీజెన్ మామూలుగా పని చేయదు, లోపల క్లచ్ ఉంటుంది. పళ్లు లేకుండా మోటారే నేరుగా చక్రాన్ని తిప్పే డైరెక్ట్ డ్రైవ్‌లోనే కుదురుతుంది.

మిగతావి గబగబా.

గేర్డ్ కంటే డైరెక్ట్ డ్రైవ్ ఎప్పుడూ మేలనేది తప్పు. డైరెక్ట్ డ్రైవ్‌లో అరిగే పళ్లు లేవు, వేడిని ఎక్కువసేపు తట్టుకుంటుంది. కానీ బరువు, పైగా కరెంటు లేకుండా తొక్కితే వెనక్కి లాగినట్టుంటుంది. ఎక్కువగా ఎత్తులు ఎక్కేవాళ్లకు, మధ్యలో పెడల్ తొక్కాలనుకునేవాళ్లకు గేర్డ్ హబ్ చాలు. అందులో నైలాన్ పళ్లు అరిగి ఘర్రుమంటే పళ్లు మార్చుకోవచ్చు, మోటార్ పారేయనక్కర్లేదు.

వోల్టేజ్ ఎంత పెంచినా కంట్రోలర్ తట్టుకుంటుందనేది ఇంకోటి. 48 వోల్టుల కంట్రోలర్లలో చాలావాటిలో కెపాసిటర్లు 63 వోల్టుల దాకా తట్టుకునేవి. 14 వరసల ప్యాక్ నిండా చార్జ్ అయితే 58.8 వోల్టులు, సరిపోతుంది. 16 వరసలది 67.2. కెపాసిటర్ పేలిన చప్పుడు వినాలనుకుంటే తగిలించండి.

స్పీడు పెరిగితే మైలేజీ కొంచెమే తగ్గుతుందని లెక్క వేసుకోకండి. కిలోమీటరుకు గాలికి ఖర్చయ్యే శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది. 25 నుంచి 45కి పోతే అది మూడింతలు దాటుతుంది. బ్రేకులు ఆపాల్సిన శక్తి కూడా అంతే. 25కి చేసిన రిమ్ బ్రేకులతో 45లో వెళ్లేవాళ్లను చూస్తే నాకే భయమేస్తుంది. మోటార్‌కు ముందు బ్రేకుల సంగతి చూడండి.

చట్టం సంగతి: యూరప్‌లో, ఇండియాలో రిజిస్ట్రేషన్ లేకుండా తిరగాలంటే మోటార్ హద్దు 250 వాట్లు, స్పీడు హద్దు గంటకు 25 కిలోమీటర్లు. దాటితే అది మోటారు వాహనమే. డిస్‌ప్లేలో స్పీడు లాక్ చేశాను కదా అంటే సరిపోదు. ప్రమాదం జరిగినప్పుడు బీమా వాళ్లు డిస్‌ప్లే సెట్టింగ్ చూసి ఊరుకోరు.

పెద్ద మోటార్ వేయడానికే నిర్ణయించుకుంటే, కొనే ముందు బ్యాటరీ మీద నిరంతర డిశ్చార్జ్ ఎంత రాసి ఉందో, కంట్రోలర్ మీద గరిష్ఠ ఆంపియర్లు ఎన్నో, డ్రాపవుట్ల మధ్య దూరం ఎంతో కాగితం మీద రాసుకోండి. దూరం ముందు మామూలుగా 100 మిల్లీమీటర్లు, వెనక 135. బిగించేటప్పుడు మోటార్ కేబుల్ యాక్సిల్ నుంచి కిందికి వంగి తర్వాత పైకి వెళ్లేలా పెట్టండి, వాన నీళ్లు హబ్ లోపలికి పోకుండా కిందే కారిపోతాయి. మొదటిసారి కాస్త దూరం తిరిగొచ్చాక నట్లు, టార్క్ ఆర్మ్ స్క్రూలు, చువ్వల బిగువు మళ్లీ చూడండి. కొత్త చక్రంలో చువ్వలు మొదట్లో కాస్త వదులవుతాయి, అది చూసి కంగారు పడొద్దు, బిగించుకుంటే చాలు.