గాలానికి పడే తండ్రి

మే నెలలో పొద్దున్నే, గాలి లేని వేళ, అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ఏ చిన్న సరస్సు ఒడ్డునైనా నిలబడి లోతు లేని చోట నీళ్లలోకి చూడండి. నాచు, బురద పట్టిన అడుగున అక్కడక్కడ ఎవరో చీపురుతో ఊడ్చినట్టు గుండ్రటి మచ్చలు కనిపిస్తాయి. ఒక్కోటి అన్నం వార్చే పెద్ద సిబ్బి కంటే వెడల్పు. లోపల సన్న గులకరాళ్లు తేటగా కనిపిస్తుంటాయి. ఆ మచ్చ మీద ఒక ఆకుపచ్చ చేప కదిలీ కదలకుండా నిలబడి ఉంటుంది. దాని పక్కన తల నుంచి తోక దాకా నల్లటి చార. మీ నీడ పడితే కాస్త పక్కకు తప్పుకుంటుంది గానీ పారిపోదు. కాసేపటికి మళ్లీ అదే చోటికి వస్తుంది.

అది లార్జ్‌మౌత్ బాస్, మగది. ఆ గుండ్రటి మచ్చ అది తోకతో ఊడ్చి కట్టుకున్న గూడు. గులకరాళ్ల మధ్య వేల కొద్దీ గుడ్లు అంటుకుని ఉంటాయి. ఆడది గుడ్లు పెట్టి తన దారిన వెళ్లిపోతుంది. కాపలా అంతా తండ్రిదే. నీళ్లు పదిహేను, పద్దెనిమిది డిగ్రీల దాకా వెచ్చబడ్డాక మొదలయ్యే ఈ కాపలా, గుడ్లు పగిలి, పిల్లలు ఈదడం నేర్చి, గుంపుగా తిరిగి, చివరికి చెదిరిపోయే దాకా సాగుతుంది. ఆ వారాలన్నీ తండ్రికి సరైన తిండి ఉండదు. గూడు వదిలి వేటకు వెళ్తే గూడు మిగలదు.

అమెరికాలో సరదాకి గాలం వేసేవాళ్లకి ఈ చేపంటే ప్రాణం. పేరుకు తగ్గట్టే నోరు పెద్దది, మూస్తే దవడ చివర కంటిని దాటి వెనక్కి పోతుంది. ఎరను అది కొరకదు, పీల్చుకుంటుంది. నోరు, మొప్పలు ఒక్కసారిగా తెరిచేసరికి లోపల ఏర్పడిన ఖాళీలోకి నీళ్లు దూసుకొస్తాయి, వాటితోపాటు చిన్న చేపో, కప్పో, ప్లాస్టిక్ వానపామో లోపలికి పోతుంది. రెప్పపాటు కూడా పట్టదు. నచ్చకపోతే అంతే వేగంగా ఉమ్మేస్తుంది. గాలం పట్టినవాడు చేతికి ఆ చిన్న తాకిడి తగలగానే కర్ర లాగాలి. ఆ టెన్షన్ కోసమే మనుషులు తెల్లవారుజామున లేచి వెళ్తారు.

మరి ఎరను నోట పెట్టుకునేది ఏ చేప? ఆకలి మీద ఉన్నదో, తెలివి తక్కువదో అనుకుంటాం. ఈ ప్రశ్నకు ఇల్లినాయ్‌లోనే ఒక చిన్న సరస్సు జవాబు చెప్పింది. నాకు తెలిసినంతలో చేపల మీద జరిగిన అందమైన పరిశోధనల్లో ఇదొకటి.

చార్ల్స్‌టన్ ఊరి దగ్గర ఫాక్స్ రిడ్జ్ స్టేట్ పార్కులో రిడ్జ్ లేక్ అనే సరస్సు ఉంది. 1970ల నడుమ అక్కడ గాలం వేయాలంటే ముందే సమయం రాయించుకోవాలి. పట్టిన ప్రతి బాస్‌నూ పడవలోని నీళ్ల తొట్టిలో ఉంచి తేవాలి. దాన్ని కొలిచి, గుర్తు వేసి, లెక్క రాసుకుని మళ్లీ సరస్సులో వదిలేవారు. ఇలా నాలుగేళ్లు. కొన్ని చేపలు మళ్లీ మళ్లీ పడ్డాయి. ఒకటైతే మొదటి రెండు రోజుల్లోనే మూడుసార్లు దొరికింది. ఇంకొకటి ఒకే ఏడాదిలో పదహారుసార్లు!

నాలుగేళ్లయ్యాక సరస్సు నీళ్లన్నీ తోడేశారు. అడుగున 1,700 పైచిలుకు బాస్‌లు దొరికాయి. వాటిలో దాదాపు 200 చేపలకు ఏ గుర్తూ లేదు. అవి కొత్తగా వచ్చినవి కావు, నాలుగేళ్లూ అదే నీళ్లలో ఉన్నాయి. ఎన్నోసార్లు వాటి ముందు నుంచి ఎర పోయి ఉంటుంది. ఒక్కసారీ నోరు తెరవలేదు.

ఇక్కడే అసలు పని మొదలైంది. చేపల శాస్త్రవేత్త డేవిడ్ ఫిలిప్, ఆయనతో పనిచేసినవాళ్లు ఆ ఎన్నడూ పడని చేపల్ని ఒక పక్క, పదే పదే పడిన చేపల్ని ఇంకో పక్క జత కట్టించారు. పుట్టిన పిల్లల్ని, ఏవి ఎవరివో తెలిసేలా గుర్తు పెట్టి, ఒకే చెరువులో కలిపి పెంచారు. అదే నీళ్లు, అదే మేత, అదే ఎండ. పెద్దయ్యాక గాలం వేశారు. పడని చేపల పిల్లలు తక్కువగా పడ్డాయి. ఇలా మూడు తరాలు నడిపితే, తరం తరానికీ ఆ తేడా పెరుగుతూ పోయింది. 2009లో ఫలితాలు అచ్చయ్యాయి. బాగా పాలిచ్చే గేదె దూడను రైతు అమ్మకుండా ఉంచుకుంటాడే, ఆ లెక్క ఇక్కడా పనిచేస్తుందన్నమాట. గాలానికి పడే గుణం రక్తంలో ఉంది. ఒక చేపకూ ఇంకో చేపకూ ఈ గుణంలో ఉన్న తేడాలో దాదాపు ఏడో వంతు వారసత్వానిదే. చిన్నదిగా కనిపించినా, ఏటేటా లక్షల గాలాలు పడే నీళ్లలో అది తక్కువేమీ కాదు.

అయితే ఆ గుణం ఏమిటి? తరవాతి పరిశోధనలు రెండు వంశాల్నీ పక్కపక్కన పెట్టి చూశాయి. సులువుగా పడే వంశం చేపల ఒంట్లో, ఊరికే నిలబడి ఉన్నప్పుడు కూడా శక్తి ఎక్కువ ఖర్చవుతుంది. గూడు మీద ఉన్నప్పుడు అవి మరింత మెలకువగా కాపలా కాస్తాయి, దగ్గరికి వచ్చిన దేని మీదికైనా ముందుగా దూకుతాయి. వాటికి పిల్లలు దక్కే అవకాశాలూ ఎక్కువే. అంటే గాలానికి ముందు పడేది మందబుద్ధి చేప కాదు. ఆ సరస్సులోని మంచి తండ్రి.

ఈ మాట మొదటిసారి చదివినప్పుడు నాకు మనసులో ఏదో కలుక్కుమంది. గూటి మీద ఉన్న బాస్ ముందు ప్లాస్టిక్ వానపామును మెల్లగా దించితే, అది తినడానికి నోరు తెరవడం లేదు. చేపకు చేతుల్లేవు. గుడ్ల మీద పడ్డ చెత్తను తీసేయాలన్నా, దొంగను తరమాలన్నా దానికున్నది నోరొక్కటే. ఆ పనిలో ఉండగా కొక్కెం గుచ్చుకుంటుంది.

దాన్ని పైకి లాగిన మరుక్షణం నుంచి కింద జరిగేది మరో కథ. బ్లూగిల్ అనే అరచేయంత చేపలు చుట్టూ గుంపులుగా కాచుకుని ఉంటాయి. తండ్రి కనబడకపోతే నిమిషాల్లో గూటి మీద పడి గుడ్లు మేసేస్తాయి. ఫొటో తీసుకుని, బరువు చూసుకుని, ముద్దు పెట్టి వదిలేసరికి గూడు సగం ఖాళీ. వెనక్కి వచ్చిన తండ్రి మిగిలిన గుడ్లు మరీ తక్కువైతే కాపలా మానేసి వెళ్లిపోతుంది కూడా.

పట్టి వదిలేయడమనే అలవాటును నేను తక్కువ చేయడం లేదు. రే స్కాట్ 1967లో ఆర్కన్సాస్‌లోని బీవర్ లేక్ మీద బాస్ పోటీలు మొదలుపెట్టినప్పుడు చచ్చిన చేపల్ని గుత్తులుగా వేలాడదీసి చూపించడమే గొప్ప. 1972 నుంచి ఆయన చేపను చంపొద్దని ప్రచారం చేశాడు. పడవల్లో నీళ్ల తొట్టెలు మామూలైపోయాయి. లెక్కలేనన్ని చేపలు బతికాయి. కానీ పోటీల్లో చేపను తూకం కోసం సరస్సు ఇంకో చివరకు తీసుకుపోతారు. వసంతంలో అయితే చేప బతుకుతుంది, గూడు బతకదు. కెనడాలో దక్షిణ ఒంటారియోలో చాలాచోట్ల జూన్ రెండో సగం దాకా బాస్ జోలికి పోకూడదన్న నిబంధన ఉంది. అది నాకు సబబుగా తోస్తుంది.

కొరమీను తెలిసిన తెలుగువాళ్లకు ఇదేమీ వింత కాదు. తెలంగాణ రాష్ట్ర చేప అయిన ఈ కొరమీను కూడా పిల్లల గుంపును కనిపెట్టుకుని తిరుగుతుంది. నీటి మీద చిన్న పిల్లలు బుడబుడమంటూ ముద్దగా తేలుతుంటే, కింద పెద్ద చేప ఉందని గాలం వేసేవాళ్లకు తెలుసు. ఎరను ఆ గుంపు మధ్యలో వేస్తే కోపంతో వచ్చి పట్టేస్తుంది. బాస్‌తో దానికి దగ్గరి చుట్టరికం లేదు. పుట్టిన ఖండాలే వేరు. పిల్లల మీద ప్రేమతో గాలానికి దొరికిపోవడం మాత్రం రెండింటికీ ఒక్కటే.

జూన్ నెలాఖరుకు ఇల్లినాయ్ సరస్సుల్లో గుండ్రటి మచ్చల మీద మళ్లీ నాచు పేరుకుంటుంది. అంగుళం పొడవైన పిల్లలు ఒకటొకటిగా తుంగలోకి, కలువాకుల కిందికి జారుకుంటాయి. గుంపు పలచబడుతుంది. ఒక సాయంత్రానికి కాపలా కాయడానికేమీ మిగలదు. పక్కలు చిక్కి, తోక అంచు అరిగిన తండ్రి చేప ఒడ్డు వదిలి లోతుకు మళ్లుతుంది. ఆ రోజు తుంగ పక్కన కప్ప దూకితే, అది నోరు తెరిచేది తిండికోసమే.